ప్లేబ్యాక్‌లో వచ్చింది కదా, హార్ప్ మీద ఎందుకు రాదు? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఫ్లూట్, వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్దది), హార్ప్ (వేళ్లతో మీటే పెద్ద తీగల వాద్యం) కలిసి వాయించే చిన్న బృందం మాది. నాది వయోలా. మాకు కొత్త రచనలు పంపేవాళ్లలో ఈమధ్య మన తెలుగు పిల్లలూ కనిపిస్తున్నారు. ఎక్కువమంది సినిమా పాటలకు కంప్యూటర్లో ప్రోగ్రామింగ్ చేసి చేయి తిరిగినవాళ్లు. చెవి గొప్పగా ఉంటుంది. రిహార్సల్‌లో చిక్కొస్తే మాత్రం అందరిదీ ఒకటే మాట: “ప్లేబ్యాక్‌లో బాగానే వచ్చిందక్కా!” ప్లేబ్యాక్ అంటే ఇక్కడ రాసిన స్వరాలను సాఫ్ట్‌వేర్ వాయించి వినిపించడం.

అపోహ: సాఫ్ట్‌వేర్ వాయించిందంటే మనిషీ వాయిస్తాడు.

వాస్తవం: శాంపుల్ హార్ప్‌కి, అంటే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి పెట్టిన హార్ప్ ధ్వనికి, పాదాలుండవు. కచేరీ హార్ప్‌కి 47 తీగలు, కాలితో కదిపే 7 పెడల్స్. ఒక్కో స్వరానికి ఒక్కో పెడల్, దానికి మూడు స్థానాలు: ఫ్లాట్ (అర మెట్టు కింద), నేచురల్ (మామూలు స్వరం), షార్ప్ (అర మెట్టు పైన). సి (పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరం పేరు) పెడల్ కదిపితే దాదాపు అన్ని స్థాయిల సి తీగలూ ఒకేసారి మారిపోతాయి. ఎడమచేతికి సి నేచురల్, కుడిచేతికి సి షార్ప్ ఒకే క్షణంలో రాస్తే రెండూ సి తీగల మీద పలకవు. చిటికెన వేలు వాడరు కాబట్టి చేతికి నాలుగు స్వరాలే. ఇవేవీ సాఫ్ట్‌వేర్‌కి పట్టవు.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి రచనలో సరిగ్గా ఇదే జరిగింది. మా హార్పిస్టు పెన్సిల్ తీసి సి షార్ప్‌ని డి ఫ్లాట్‌గా మార్చింది. ధ్వని అదే, తీగ వేరు. రెండు బార్లు (రాతలో గీతలతో విడదీసే తాళ విభాగాలు) దాటగానే డి నేచురల్ వచ్చిపడింది, పెడల్ మార్చే వ్యవధి లేదు. పేజీ మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. అబ్బాయి ముఖం చిన్నబోయింది. హాలు అద్దె, రిహార్సల్ సమయం అన్నీ వృథా. కచేరీ దగ్గరపడ్డాక ఇలా జరిగితే రచననే పక్కన పెట్టేస్తారు.

ఫ్లూట్ మంద్ర స్థాయి సంగతీ అంతే. సాఫ్ట్‌వేర్‌లో శబ్దం పెంచే స్లయిడర్ పైకి జరిపితే స్పీకర్లో మోగుతుంది. హాల్లో నేను కాస్త గట్టిగా విల్లు లాగితే చాలు, ఫ్లూట్ వినిపించదు.

“హార్ప్ తెలియకుండా రాయకూడదా?” అని బెంగపడేవాళ్లకు చెబుతున్నా: నిక్షేపంగా రాయండి. మొదటి పేజీ కాగానే వాయించే మనిషికి చూపించండి. అడిగితే విసుక్కునే హార్పిస్టును నేనింతవరకూ చూడలేదు. ఆ అబ్బాయి తర్వాత ఒక సాయంత్రమంతా హార్ప్ పక్కన కూర్చుని పాదాలే చూశాడు. మరుసటి రచనలో పెడల్ మార్పులన్నీ తనే గుర్తులు వేసి పంపాడు. హాయిగా వాయించాం.

అపోహ: వింత కలయికకు రాస్తే ఒక్కసారి వాయించి అటకెక్కిస్తారు.

వాస్తవం: మా ముగ్గురి కలయికే చూడండి. 1915లో ఫ్రెంచ్ స్వరకర్త దెబ్యుస్సీ వీటికి సొనాటా (వాద్యాలకు రాసే ఒక రకం రచన) రాసేటప్పుడు మొదట అనుకున్నది వయోలా కాదు, ఓబో (ఊది వాయించే వాద్యం). ఆ రచన నిలబడ్డాక ఇవే మూడు వాద్యాలకు 1980లో రష్యా స్వరకర్త గుబైదులినా, 1992లో జపాన్ స్వరకర్త తకెమిత్సు రాశారు. మాలాంటి బృందాలు పుట్టిందే అలా. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1824లో ఆర్పెజియోనే అనే, విల్లుతో వాయించే గిటార్ లాంటి వాద్యానికి సొనాటా రాశాడు. వాద్యం మూలపడింది, సొనాటాని మాత్రం చెల్లో (వయోలా కంటే పెద్ద విల్లు వాద్యం), వయోలా వాళ్లం నేటికీ వాయిస్తున్నాం.

వింత వాద్యాల మీద పుకార్లూ ఉన్నాయి. గ్లాస్ హార్మోనికా (తిరిగే గాజు గిన్నెల్ని తడివేళ్లతో తాకి పలికించే వాద్యం) వింటే పిచ్చెక్కుతుందా? అదంతా పుకారు. 1791లో మోత్సార్ట్ దానికి ఫ్లూట్, ఓబో, వయోలా, చెల్లో జతచేసి రాశాడు, వినండి. ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ యుద్ధఖైదీల శిబిరంలో రాసిన క్వార్టెట్‌ను (నలుగురు వాయించే రచనను) 1941లో తొలిసారి వాయించినప్పుడు చెల్లోకి మూడే తీగలున్నాయా? మెస్సియాన్ అలాగే చెప్పేవాడు. నాలుగూ ఉన్నాయన్నాడు ఆ రోజు చెల్లో వాయించిన ఎటియెన్ పాస్కియే.

ఇక “ఆ వాద్యం వాయించేవాళ్లు దొరక్కపోతే?” అన్న భయం. ఇది అపోహ కాదు, నిజమే. జర్మన్ స్వరకర్త హిండెమిత్ 1928లో వయోలా, హెకెల్‌ఫోన్ (ఓబో లాంటిదే, మంద్రంగా పలికే అరుదైన వాద్యం), పియానోలకు ట్రయో రాసి, హెకెల్‌ఫోన్ లేకపోతే టెనర్ సాక్సోఫోన్ వాడొచ్చన్నాడు. మీరూ ప్రత్యామ్నాయ వాద్యం పేరు మొదటి పేజీ మీదే వేయండి. దానికి విడిగా పార్ట్ (ఆ వాద్యకారుడు చూసి వాయించే స్వరాల ప్రతి) కూడా రాసివ్వండి, రిహార్సల్‌లో కూర్చుని మార్చుకునే తీరిక ఎవరికీ ఉండదు.