వానను బట్టి మారే సంకేతం: వెనుక నడిచిన కథ

జోరువానలో ఉపగ్రహ ఇంటర్నెట్ వేగం తగ్గుతుంది కానీ వెంటనే తెగిపోదు. ఈ సర్దుబాటు మొదటి నుంచీ ఉన్నది కాదు, అసలు మొదట్లో దాని అవసరమే పెద్దగా లేదు. 1962 నాటి టెల్‌స్టార్, 1965 నాటి ఎర్లీ బర్డ్ అనే తొలి ఉపగ్రహాలు 4 గిగాహెర్ట్జ్, 6 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేశాయి. 4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. కొద్ది మిల్లీమీటర్ల చినుకు దానికి లెక్కే కాదు.

ఆ బ్యాండ్, అంటే ఆ తరంగాల శ్రేణి, కిక్కిరిసింది. చిన్న డిష్‌లు కావాలన్న కోరికా పెరిగింది. అలా ఇంకా పొట్టి తరంగాలుండే కేయూ బ్యాండ్‌కు, ఆపై కేఏ బ్యాండ్‌కు ఎక్కారు. 20 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం ఒకటిన్నర సెంటీమీటర్లే. అక్కడ చినుకులు సంకేతాన్ని పీల్చేస్తాయి, చెదరగొడతాయి. డిష్ నేలవైపు వాలిన కొద్దీ సంకేతం వానలో ఎక్కువ దూరం ప్రయాణించాలి కాబట్టి, ఉపగ్రహం దిగంతానికి దగ్గరగా కనిపించే ఊళ్లకు నష్టం ఎక్కువ.

ఇంజనీర్ల పాత మందు మార్జిన్. ఏడాదిలో 0.01 శాతం, అంటే సుమారు 53 నిమిషాలు తప్ప లింక్ నిలవాలనుకుంటే, అంతటి వానను తట్టుకునే అదనపు బలాన్ని ఏడాది పొడవునా మోయాలి. పది డెసిబెల్ మార్జిన్ అంటే పది రెట్ల శక్తి! ఎండకాసే రోజుల్లో అదంతా దండగే.

1993లో నాసా ప్రయోగించిన ఏసీటీఎస్ అనే ఉపగ్రహం ఈ లెక్కను తిరగరాసింది. వాన పడుతున్న స్టేషన్‌కు మాత్రమే ప్రసార వేగాన్ని సగం చేసి, తప్పులు దిద్దే కోడింగ్ జోడించేవారు. దాంతో పది డెసిబెల్ ఊరట దొరికేది. వేగం తగ్గినందుకు పట్టే అదనపు ప్రసార సమయం స్టేషన్లన్నిటి ఉమ్మడి నిల్వలోంచి వచ్చేది. అంటే తడిసినవారికే గొడుగు.

2005లో ఖరారైన డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ ప్రసార ప్రమాణం దీన్ని మామూలు వాడకంలోకి తెచ్చింది. రిసీవర్ తనకందిన సంకేతం నాణ్యతను కొలిచి వెనక్కి పంపుతుంది. హబ్, అంటే సంకేతాన్ని పంపే కేంద్రం, దాన్ని చూసి ఒక్కో ఫ్రేముకు (డేటా ముక్కకు) తగిన మాడ్యులేషన్ (తరంగంపై బిట్లను ఎక్కించే తీరు), కోడింగ్ ఎంచుతుంది. ఎండలో ఒక్కో సింబల్‌కు, అంటే తరంగంలో ఒక్కో మార్పుకు, నాలుగు బిట్లకు పైగా, కుండపోతలో అర బిట్ మాత్రమే. భూమిపై ఒకే చోట నిలిచినట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం మీదుగా కబురు చేరడానికి పావు సెకను పడుతుంది. అదృష్టవశాత్తూ వాన అంత త్వరగా ముదరదు. కాబట్టి కొద్దిపాటి మార్జిన్ చాలు.

టీవీ ప్రసారానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. లక్షల డిష్‌లకు వెళ్లేది ఒకే సంకేతం, పైగా వెనక్కి కబురు చెప్పే దారే ఉండదు. అక్కడ ఇప్పటికీ పాత మార్జినే దిక్కు.