"సీనియర్ చెప్పాడు, ఏం కాదని": అమెరికా పీజీ చదువుల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఒక యూనివర్సిటీలో కొన్నేళ్లు ఒక డిపార్ట్‌మెంటుకు వచ్చే మాస్టర్స్, పీహెచ్‌డీ అప్లికేషన్లు చూశాను. ఇప్పుడు అదే క్యాంపస్‌లో విదేశీ విద్యార్థుల ఆఫీసులో డీఎస్‌ఓగా, అంటే వాళ్ల వీసా నిబంధనలు చూసే యూనివర్సిటీ అధికారిగా ఉన్నాను. విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద సంతకం పెట్టేదీ, మీ వివరాలను సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో నమోదు చేసేదీ మేమే.

నా దగ్గరకు వచ్చే సమస్యల్లో ఎక్కువ వాటికి ఏదో ఒక దారి దొరుకుతుంది. ఏ దారీ లేనివి మాత్రం చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "సీనియర్ చెప్పాడు మేడమ్, ఏం కాదని." ఆ మాట విన్న రోజుకూ, నా ముందు కూర్చున్న రోజుకూ మధ్య చేయకూడని పని జరిగిపోయి ఉంటుంది. ఒక్క వారం ముందు వచ్చి అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది కదా అని నాకు ఇంటికెళ్లాక కూడా బాధగా ఉంటుంది. అందుకే నేను తరచూ వినే కొన్ని మాటలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జీఆర్‌ఈ (పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు బాగుంటే సీటు వచ్చినట్టే.

వాస్తవం: చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈని తీసేశాయి, లేదా ఐచ్ఛికం చేశాయి. కొన్ని ఇప్పటికీ అడుగుతాయి. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు అడిగి, పక్క డిపార్ట్‌మెంటు అడగకపోవచ్చు. అసలు చూడబోమని చెప్పిన చోట మేం స్కోరు వైపు కన్నెత్తి కూడా చూడం. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను రెండు గంటల లోపుకు కుదించారు. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. మీరు ఎంచుకున్న ప్రోగ్రాముల్లో ఒక్కటి కూడా అడగకపోతే జీఆర్‌ఈకి పెట్టే మూడు నెలలు ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం) మీద పెట్టండి.

అపోహ: ఎస్‌ఓపీ గొప్ప ఇంగ్లిష్‌లో, చిన్నప్పటి కలతో మొదలవ్వాలి.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అడ్మిషన్ కమిటీలో ప్రొఫెసర్లు తమ పాఠాలు, పరిశోధన అన్నీ అయ్యాక సాయంత్రాలు కూర్చుని వందల కొద్దీ అప్లికేషన్లు చదువుతారు. "చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే నాకు ఇష్టం" అన్న వాక్యం వాళ్లకు ఆ రోజు ఎన్నోసారో. అది అబద్ధమని కాదు. అందులో మీ గురించి తెలిసేది ఏమీ ఉండదు, అంతే.

నాకు గుర్తుండిపోయిన ఒక ఎస్‌ఓపీ ఉంది. ఇంగ్లిష్ సాదాసీదాగా ఉంది, ఒకటి రెండు వ్యాకరణ తప్పులు కూడా ఉన్నాయి. ఆ అమ్మాయి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నేల తేమను కొలిచే సెన్సర్ రోజూ మధ్యాహ్నం తప్పు లెక్క చూపించేదట. మొదట కోడ్‌లో లోపం అనుకుంది. రెండు వారాలు వెతికాక ఎండకు సెన్సర్ వేడెక్కడమే కారణమని పట్టుకుంది, దాన్ని ఎలా సరిచేసిందో రాసింది. ఇంకా తెలుసుకోవాల్సింది ఏమిటో, అది మా డిపార్ట్‌మెంటులో ఎవరి దగ్గర నేర్చుకోవచ్చో చివర నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఆ మనిషి ఎలా ఆలోచిస్తుందో చదివేవాళ్లకు అర్థమైంది.

కన్సల్టెన్సీ ఇచ్చే నమూనాతో వచ్చే చిక్కు ఇక్కడే. ఒకే పేరా ఇద్దరి అప్లికేషన్లలో అక్షరం మారకుండా కనిపించిన సందర్భాలు చూశాను. వేరే యూనివర్సిటీ పేరు తీసేయడం మరిచిపోయి మాకు పంపినవీ చూశాను. ఏఐతో మొత్తం రాయించినా జరిగేది అదే: వాక్యాలు నునుపుగా ఉంటాయి, వాటిలో మీరు ఉండరు. మీ మాటల్లో రాసుకుని, తప్పులు దిద్దించుకోవడానికి ఎవరి సాయమైనా తీసుకోండి. ప్రోగ్రాం పేజీలో ఏఐ వాడకం గురించి నియమం ఉంటే దాన్ని పాటించండి.

అపోహ: రికమెండేషన్ లెటర్ ప్రిన్సిపాల్‌దో, హెచ్‌ఓడీదో అయితేనే బరువు.

వాస్తవం: మీ పని దగ్గరుండి చూసిన మనిషి ఉత్తరానికే బరువు. మీ ప్రాజెక్టు నడిపించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒక పేజీ వివరంగా రాస్తే, మీ ముఖం కూడా గుర్తులేని ప్రిన్సిపాల్ రాసిన మూడు పొగడ్తల కంటే ఎంతో మేలు.

"నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను" అనే సార్లు ఉన్నారని నాకు తెలుసు. దాన్ని కాదనడం విద్యార్థికి ఎంత కష్టమో కూడా తెలుసు. అయినా రాయొద్దు. వారి దగ్గర మీరు చేసిన కోర్సులు, ప్రాజెక్టులో మీ వంతు పని, ఎక్కడ ఇరుక్కుని ఎలా బయటపడ్డారో ఒక పేజీలో పాయింట్లుగా ఇచ్చి, "సార్, మీకు గుర్తు చేయడానికి ఇవి, ఉత్తరం మీ మాటల్లో ఉంటే నాకు మేలు" అని అడగండి. గడువుకు నెల ముందు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ముగ్గురి ఉత్తరాలూ ఒకే శైలిలో ఉంటే చదివేవాళ్లకు తెలిసిపోతుంది. దొంగ ఉత్తరం బయటపడితే ఇచ్చిన అడ్మిషన్‌ను కూడా వెనక్కు తీసుకుంటారు.

అపోహ: బ్యాక్‌లాగ్స్ ఉంటే దాచాలి. పర్సంటేజీని మనమే జీపీఏగా మార్చి రాయాలి.

వాస్తవం: రెండూ వద్దు. మార్కులు మీ కాలేజీ ఇచ్చిన కొలమానంలోనే రాయండి, మార్పిడి మా పని. తప్పిన సబ్జెక్టుల మెమోలు కూడా పెట్టండి. రెండో ఏడాది తడబడి చివరి రెండేళ్లు నిలదొక్కుకున్న విద్యార్థిని కమిటీ అర్థం చేసుకుంటుంది. దాచిన విద్యార్థిని ఇక నమ్మదు.

అపోహ: ఆఫర్ రాగానే ఒప్పుకోకపోతే సీటు పోతుంది.

వాస్తవం: ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ (డిపార్ట్‌మెంటులో పని చేసినందుకు ఇచ్చే సాయం) లాంటి ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్ అయితే ఏప్రిల్ 15 తేదీని గుర్తుంచుకోండి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఆ తేదీ కంటే ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. సొంత డబ్బుతో చదివే మాస్టర్స్ సీట్లకు గడువులు వేరుగా ఉంటాయి. అక్కడ కూడా రెండు వారాలు గడువు పెంచమని మర్యాదగా మెయిల్ రాయడం తప్పు కాదు. అడిగినందుకు సీటు తీసేసిన సందర్భం నేనైతే చూడలేదు.

అపోహ: ముందు వెళ్లిపోతే చాలు, అక్కడ టీఏనో ఆర్‌ఏనో (బోధనలోనో పరిశోధనలోనో సహాయకుల పని) దొరికి ఫీజు గట్టెక్కుతుంది.

వాస్తవం: ఇంటిల్లిపాదినీ అప్పుల్లోకి నెట్టే మాట ఇది. చాలా సబ్జెక్టుల్లో పీహెచ్‌డీకి ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. మాస్టర్స్‌లో అవి కొద్దిమందికే దక్కుతాయి. అసిస్టెంట్‌షిప్ కాకుండా వేరే క్యాంపస్ ఉద్యోగం దొరికినా, క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ఆ జీతం అద్దెకూ తిండికీ కొంత ఆసరా అవుతుంది, ట్యూషన్ ఫీజుకు చాలదు. ఐ-20 కోసం మీరు చూపించేది మొదటి ఏడాది ఖర్చు. కోర్సు రెండేళ్లయితే రెండో ఏడాది డబ్బు ఎక్కడిదో బయలుదేరే ముందే కాగితం మీద రాసుకుని, అమ్మానాన్నలతో కూర్చుని లెక్క చూడండి. లెక్క తేలకపోతే ఏడాది ఆగడం ఓటమి కాదు. డిఫరల్ (చేరడం వాయిదా) ఇస్తారా అని అడగండి, చాలా ప్రోగ్రాములు పరిశీలిస్తాయి.

అపోహ: వీసా ఇంటర్వ్యూకు జవాబులు బట్టీ పట్టాలి. ఒకసారి తిరస్కరిస్తే ఇక అంతే.

వాస్తవం: ఆఫీసర్‌కు మీతో మాట్లాడటానికి ఉండేది కొన్ని నిమిషాలే. ఈ కోర్సే ఎందుకు, డబ్బు ఎవరిది, చదివాక ఏం చేస్తారు అన్నవి మీకు నిజంగా తెలిస్తే బట్టీ అక్కర్లేదు. 214(బి) సెక్షన్ కింద, అంటే చదువయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం కుదరలేదని తిరస్కరిస్తే దానిపై అప్పీలు లేదు, కానీ మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. మీ పరిస్థితిలోనో, చూపించే ఆధారాల్లోనో ఏదైనా మారాక వెళ్తే ప్రయోజనం ఉంటుంది.

అపోహ: వీసా స్టాంపు ఉన్నంత కాలం స్టేటస్ ఉన్నట్టే.

వాస్తవం: వీసా అనేది దేశంలోకి రావడానికి. లోపల ఉండే హక్కు మీ స్టేటస్‌ది, అంటే చట్టబద్ధమైన విద్యార్థి హోదాది. దేశంలో ఉండగా స్టాంపు గడువు తీరినా, ఐ-20 చెల్లుతూ నిబంధనలు పాటిస్తుంటే ఇబ్బంది లేదు. బయటకు వెళ్లి తిరిగి రావాలంటేనే కొత్త స్టాంపు కావాలి. దీనికి ఇంకో వైపు ఉంది: స్టాంపు అయిదేళ్లకు ఉన్నా స్టేటస్ ఒక్క రోజులో పోవచ్చు. ఇల్లు మారితే పది రోజుల్లో మాకు చెప్పాలి. ప్రతి సెమిస్టరూ ఫుల్‌టైమ్ నమోదు ఉండాలి, ఆ లెక్కలోకి ఒక ఆన్‌లైన్ క్లాసు మాత్రమే వస్తుంది.

అపోహ: క్యాంపస్ బయట నాలుగు గంటలు, అది కూడా క్యాష్‌కి, ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం రాదు. అప్పు మీద వడ్డీ నడుస్తుంటే రాత్రి నిద్ర పట్టదని తెలుసు. కానీ నిబంధన చాలా కఠినంగా ఉంది. వేరే కారణంతో స్టేటస్ పోయినవారికి దాన్ని తిరిగి పొందే రీఇన్‌స్టేట్‌మెంట్ అనే దారి ఉండొచ్చు. అనుమతి లేకుండా పని చేసినవారికి ఆ దారి మూసేసి ఉంది. నాలుగు గంటలైనా, నలభై గంటలైనా ఒకటే.

ఇదే ఆశతో ఇంకా పెద్ద గోతిలో పడినవాళ్లు ఉన్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీని వీసా మోసాల కేసులో మూసేసినప్పుడు అందులో చేరినవాళ్లలో ఎక్కువ మంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు జాడ తెలిపే పరికరాలు కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ నకిలీదని బయటపడింది. దాన్ని నడిపింది ప్రభుత్వ ఏజెంట్లే. అక్కడ క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. క్లాసుకు రాకపోయినా పర్లేదు, మొదటి రోజు నుంచే సీపీటీ (క్యాంపస్ బయట పని చేసే అనుమతి) ఇస్తాం, ఫుల్‌టైమ్ పని చేసుకోండి అని ఏ కాలేజీ అన్నా ఈ రెండు పేర్లు గుర్తు తెచ్చుకోండి. సీపీటీ మంచిదే, అది మీ చదువులో భాగంగా ఉన్నప్పుడు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ స్థాయి చదువుకు ఓపీటీ (డిగ్రీ అయ్యాక పని చేసే అనుమతి) పోతుంది.

అపోహ: అసైన్‌మెంట్ ఫ్రెండ్‌కి చూపించడం సాయమే కదా.

వాస్తవం: రాసినవారు, చూసి రాసినవారు ఇద్దరూ ఒకే క్రమశిక్షణ కమిటీ ముందు నిలబడతారు. స్నేహానికి ఇచ్చానని కన్నీళ్లు పెట్టుకున్న మంచి విద్యార్థులను చూశాను. కోడ్‌ల పోలికలను పట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సస్పెన్షన్ పడితే మేం సెవిస్ రికార్డు ముగించక తప్పదు. మీ ఫ్రెండ్‌కు అర్థం కాకపోతే ఇద్దరూ కలిసి ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థులు వచ్చి సందేహాలు అడిగే సమయానికి) వెళ్లండి. ఆ గంట ఉన్నదే అందుకు. అడిగితే తెలివితక్కువ అనుకుంటారేమో అని చాలామంది మనవాళ్లు అటు వైపే పోరు. నిజానికి క్లాసులో ఎవరు కష్టపడుతున్నారో ప్రొఫెసర్లకు తెలిసేది అక్కడే.

అపోహ: మనసు బాగోలేదని ఎవరికైనా చెబితే వీసా రద్దు చేస్తారు, ఇంటికి ఫోన్ చేస్తారు.

వాస్తవం: ఈ జాబితాలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. నిద్ర లేక, క్లాసుకు వెళ్లలేక, ఎవరికీ చెప్పుకోలేక సెమిస్టర్ మధ్యలో కోర్సులు తమంతట తామే డ్రాప్ చేసి, ఆ తర్వాత స్టేటస్ పోయిందన్న మెయిల్ చూసి వచ్చినవాళ్లున్నారు. కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లిన సంగతి సెవిస్‌లో ఎక్కదు. అక్కడ మాట్లాడింది అక్కడే ఉంటుంది, ప్రాణాపాయం లాంటి పరిస్థితుల్లో తప్ప. మీ చదువు వివరాలను కూడా, అలాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, మీ అనుమతి లేకుండా మీ అమ్మానాన్నలకు యూనివర్సిటీ చెప్పదు. దీనికి 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది.

అనారోగ్యం ఉంటే డాక్టర్ గానీ క్లినికల్ సైకాలజిస్ట్ గానీ ఇచ్చే ఉత్తరంతో కోర్సులు తగ్గించుకోవచ్చు. అవసరమైతే ఒక సెమిస్టర్ అసలు ఏ కోర్సూ లేకుండా ఉండవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో ఇలా మొత్తం 12 నెలల వరకు అనుమతి ఇవ్వగలం. షరతు ఒక్కటే: కోర్సు డ్రాప్ చేయక ముందే మేం సెవిస్‌లో అనుమతి నమోదు చేయాలి. కారణం వివరంగా చెప్పలేకపోతే చెప్పక్కర్లేదు. "ఈ సెమిస్టర్ నావల్ల కావట్లేదు" అంటే చాలు, అక్కడి నుంచి మేం చూసుకుంటాం.

అపోహ: సంపాదన లేకపోతే ట్యాక్స్ కాగితాలు అక్కర్లేదు.

వాస్తవం: రూపాయి సంపాదించకపోయినా అమెరికా పన్ను శాఖకు ఫారం 8843 పంపాలి. పది నిమిషాల పని.

అపోహ: ఓపీటీకి ఉద్యోగం దొరికాక అప్లై చేయొచ్చు.

వాస్తవం: ఓపీటీ అప్లికేషన్‌కు ఉద్యోగం అక్కర్లేదు, తేదీలు కావాలి. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు అప్లికేషన్ ఇమిగ్రేషన్ శాఖకు చేరాలి. మేం సెవిస్‌లో సిఫారసు పెట్టిన 30 రోజుల్లోపు మీరు దాన్ని పంపాలి. పని అనుమతి కార్డు చేతికి రాకముందు, దాని మీద ఉన్న తేదీ కంటే ముందు పని మొదలుపెట్టకూడదు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ వాళ్లకు మరో 24 నెలల పొడిగింపు ఉంది, దానికి కంపెనీ, ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి.

ఒక అబ్బాయి మంచి కంపెనీ ఆఫర్ లెటర్ పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. ఆ లెటర్ కోసమే ఆగాడట, ముందు ఆఫర్ ఉండాలని రూమ్‌మేట్ చెప్పాడట. క్యాలెండర్ తెరిచి చూశాను. అరవై రోజులు దాటి నాలుగు రోజులైంది. ఆ లెటర్‌ను మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, "మేడమ్, ఇంట్లో ఎలా చెప్పను?" అని అడిగాడు. ఆ రోజు నుంచి మా ఆఫీసు ఆఖరి సెమిస్టర్ విద్యార్థులందరికీ ఆ రెండు తేదీలను ఎవరికి వారికి లెక్కగట్టి మెయిల్ చేస్తోంది. మీ ఆఫీసు పంపకపోతే, మీ ఐ-20లో ప్రోగ్రాం ముగిసే తేదీ చూసి ఈ రోజే లెక్కగట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.