యాంటెన్నా, ఫైర్ స్టిక్ ఒకే టీవీలో: అపోహలు - వాస్తవాలు

"అన్నా, యాంటెన్నా తెప్పించాను. ఫైర్ స్టిక్‌కి ఆ వైరు పెట్టే చోటు ఎక్కడా కనిపించడం లేదు."

ఇలాంటి ఫోన్ నాకు తరచుగా వస్తుంది. అమెరికాలో డల్లాస్ చుట్టుపక్కల ఇళ్లకు యాంటెన్నాలు బిగించడం నా పని. ఫైర్ స్టిక్ అంటే టీవీకి పెట్టుకుని నెట్ యాప్‌లు చూసే చిన్న పరికరం. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు నన్ను పిలిచేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. కేబుల్ కనెక్షన్ తీయించేసి, సినిమాలకు ఒక యాప్, తెలుగు ఛానెళ్లకు ఒక యాప్ ఉంచుకుని, ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ లాంటి లోకల్ ఛానెళ్లను యాంటెన్నాతో ఉచితంగా చూద్దామనేది వాళ్ల ఆలోచన. నిజంగా మంచి ఆలోచన. కానీ కొన్ని తప్పుడు నమ్మకాల వల్ల అక్కర్లేని సామాన్లు కొని, రెండు మూడు వారాంతాలు పోగొట్టుకుని, చివరికి "యాంటెన్నా మన ఏరియాలో పనిచెయ్యదు" అని మళ్లీ కేబుల్‌కే వెళ్లిపోతున్నారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: యాంటెన్నా వైరును స్ట్రీమింగ్ స్టిక్‌కి కలిపితే చాలు

గాలిలో వచ్చే సిగ్నల్‌ను బొమ్మగా మార్చడానికి ట్యూనర్ కావాలి. ఫైర్ స్టిక్‌లో, రోకు స్టిక్‌లో, ఆపిల్ టీవీ పెట్టెలో ట్యూనర్ లేదు. అవి వైఫై మీదో, నెట్‌వర్క్ కేబుల్ మీదో వచ్చేదాన్ని మాత్రమే చూపిస్తాయి. ట్యూనర్ మీ టీవీ లోపల ఉంది. టీవీ వెనక గుండ్రంగా, మరలు ఉన్న సాకెట్ కనిపిస్తుందే, యాంటెన్నా వైరు బిగించాల్సింది దానికే. స్టిక్ ఎప్పటిలాగే హెచ్‌డీఎంఐలో ఉంటుంది. లోకల్ ఛానెళ్లు కావాలంటే రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చుకోవాలి.

ఇక్కడ పేర్ల దగ్గర చాలామంది పొరబడతారు. రోకు స్టిక్ వేరు, రోకు టీవీ వేరు. రోకు గానీ, ఫైర్ టీవీ గానీ, గూగుల్ టీవీ గానీ లోపలే ఉన్న టీవీ సెట్ కొనుంటే, యాంటెన్నా ఛానెళ్లు యాప్‌ల పక్కనే హోమ్ స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఇన్‌పుట్ మార్చే పని కూడా ఉండదు. అలాంటి సెట్ ఉన్నవాళ్లు ఇంకే పెట్టే కొనక్కర్లేదు. కొత్త పెట్టె కొనే ముందు టీవీ వెనక్కి ఒక్కసారి తొంగి చూడండి.

మీడియా రూమ్‌లో ప్రొజెక్టర్ పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. సాధారణంగా ప్రొజెక్టర్లలో ట్యూనర్ ఉండదు. పైగా ఆ గదికి యాంటెన్నా వైరు లాగడం కూడా కష్టం. అలాంటి ఇళ్లకు నేను నెట్‌వర్క్ ట్యూనర్ పెట్టిస్తాను. హెచ్‌డీహోమ్‌రన్, ట్యాబ్లో లాంటివి. యాంటెన్నా వైరు ఆ పెట్టెకు, పెట్టె నుంచి నెట్‌వర్క్ కేబుల్ రౌటర్‌కు. ఇక ఏ గదిలో ఏ స్టిక్‌లో అయినా దాని యాప్ పెట్టుకుని లోకల్ ఛానెళ్లు చూడవచ్చు, రికార్డింగ్ ఏర్పాటూ చేసుకోవచ్చు. పెట్టెలో రెండు ట్యూనర్లుంటే ఒకే సమయంలో రెండు వేర్వేరు ఛానెళ్లు. ముగ్గురు మూడు చూడాలంటే నాలుగు ట్యూనర్ల పెట్టె తీసుకోండి.

కొనేముందు రెండు విషయాలు చూసుకోండి. ఇప్పటి మామూలు ప్రసారాలు ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో వస్తాయి. కొన్ని రోకు స్టిక్‌లు దాన్ని నేరుగా ఆడించలేవు. కాబట్టి ఇంటినిండా రోకులే ఉంటే, కొనబోయే పెట్టె మీ రోకు మోడల్‌తో నడుస్తుందో లేదో ముందే చూసుకోండి. ఫైర్ టీవీ, ఆపిల్ టీవీ వాడేవాళ్లకు హెచ్‌డీహోమ్‌రన్ బాగా నడుస్తుంది. రెండోది, అమెజాన్ 2018లో తెచ్చిన ఫైర్ టీవీ రీకాస్ట్ పెట్టె సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కనిపిస్తుంది. దాని అమ్మకం 2022లోనే ఆగిపోయింది. చవకని దాని జోలికి వెళ్లకండి.

అపోహ: అన్నీ వైఫైలో వస్తున్నాయి కదా, టీవీకి నేరుగా వైరు ఎందుకు?

ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. నెట్‌వర్క్ ట్యూనర్ ఎంత మంచిది పెట్టినా, వైరును చీల్చే స్ప్లిట్టర్ వేసి కనీసం ఒక టీవీకి యాంటెన్నా వైరు నేరుగా ఇస్తాను.

2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డల్లాస్ మీదుగా రిచర్డ్‌సన్ వైపు టోర్నడో వెళ్లింది. ఇక్కడ ఉన్నవాళ్లకు ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. అలాంటి రాత్రి మనకు కావలసింది లోకల్ ఛానెల్‌లో మ్యాప్ ముందు నిలబడి ఏ వీధి వైపు వస్తోందో చెప్పే మనిషి. గాలివాన వస్తే చాలాసార్లు ముందు పోయేది ఇంటర్నెట్టే. నెట్ లేనప్పుడు కొన్ని స్టిక్‌లు హోమ్ స్క్రీన్ దగ్గరే ఆగిపోతాయి, యాప్ తెరుచుకోదు. నేరుగా వైరున్న టీవీకి నెట్‌తో పని లేదు. కరెంట్ ఉంటే చాలు. కరెంట్ కూడా పోతుందనే భయం ఉంటే, బ్యాటరీ మీద నడిచే చిన్న టీవీని అదే వైరుకు పెట్టుకోవచ్చు.

ఇంకో తేడా కూడా ఉంది. స్ట్రీమింగ్‌లో లైవ్ అనేది నిజానికి అర నిమిషమో, ఇంకా ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ ఆట చూస్తుంటే పక్కింట్లో కేకలు ముందు వినిపిస్తాయి, మన టీవీలో టచ్‌డౌన్ తర్వాత పడుతుంది. ఆటకైతే అది ఒక చిరాకు, అంతే. తుఫాను హెచ్చరికకైతే అంత ఆలస్యం మంచిది కాదు.

అపోహ: యాంటెన్నా అట్టపెట్టె మీద 150 మైళ్లు అని ఉంది, 4కే అని కూడా ఉంది

యాంటెన్నా అంటే లోహపు కడ్డీలు. దానికి హెచ్‌డీ, 4కే, డిజిటల్ అనే తేడాలు తెలియవు. అవి అమ్మకానికి రాసే మాటలు. 2009 జూన్ 12 కల్లా పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపి పూర్తిగా డిజిటల్‌కి మారినా, అంతకు ముందున్న మంచి యాంటెన్నాలు ఈనాటికీ పనిచేస్తున్నాయి. ఇక మైళ్ల సంగతి. భూమి గుండ్రంగా ఉంది, టీవీ సిగ్నల్ దాదాపు తిన్నగా వెళుతుంది. మామూలుగా 60, 70 మైళ్లు దాటితే ఎంత ఖరీదైన యాంటెన్నా అయినా రోజూ నమ్ముకోలేం.

మైళ్ల కన్నా ముందు తెలుసుకోవాల్సింది టవర్లు ఎటు ఉన్నాయో. డల్లాస్ వాళ్లకు అది సులువు. ముఖ్యమైన స్టేషన్ల టవర్లన్నీ ఊరికి నైరుతిన సీడర్ హిల్‌లో ఒకేచోట ఉన్నాయి, కొన్ని 1,500 అడుగులు దాటినవి. ఇర్వింగ్ నుంచి సుమారు 16 మైళ్లు, ఫ్రిస్కో నుంచి సుమారు 40. ఇర్వింగ్‌లో దక్షిణం వైపు కిటికీకి అతికించిన పల్చని యాంటెన్నా సరిపోయిన ఇళ్లు చాలా చూశాను. అదే యాంటెన్నాను ఫ్రిస్కోలో ఉత్తరం వైపు గదిలో పెట్టి "రావడం లేదు" అంటే తప్పు యాంటెన్నాది కాదు. రాబిట్‌ఇయర్స్ అనే సైట్‌లో మీ అడ్రస్ కొడితే ఏ స్టేషన్ ఎటు, ఎంత దూరం, ఎంత బలంగా ఉందో వస్తుంది. నేను ఏ ఇంటికి వెళ్లేముందైనా అది చూడకుండా బయలుదేరను.

దీంతోపాటు ఒక మెలిక ఉంది. తెర మీద కనిపించే నంబరు వేరు, గాలిలో అసలు నంబరు వేరు. ఫాక్స్ 4 అనేది నిజానికి యూహెచ్‌ఎఫ్ అనే పై ఫ్రీక్వెన్సీల్లో వస్తుంది. ఏబీసీ ఛానెల్ 8 మాత్రం నిజంగానే వీహెచ్‌ఎఫ్ అనే కింది ఫ్రీక్వెన్సీల్లో 8 మీదే వస్తుంది. పల్చటి కాగితంలాంటి యాంటెన్నాలు చాలావరకు వీహెచ్‌ఎఫ్‌ను సరిగ్గా పట్టుకోలేవు. "అన్నీ వస్తున్నాయి, 8 ఒక్కటే ముక్కలు ముక్కలు అవుతోంది" అని ఎవరైనా అంటే ఇంటికి వెళ్లకుండానే కారణం తెలిసిపోతుంది. పొడవాటి కడ్డీలున్న యాంటెన్నా కావాలి. ఒక్కోసారి చవక ఎల్‌ఈడీ బల్బు కూడా వీహెచ్‌ఎఫ్‌ను చెడగొడుతుంది. దగ్గర్లో ఉన్న లైట్లు ఆర్పి చూడండి.

అపోహ: సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ పెడితే రాని ఛానెళ్లు వస్తాయి

యాంటెన్నా దగ్గరికే చేరని సిగ్నల్‌ను ఆంప్లిఫయర్ పుట్టించలేదు. అది చేసేదల్లా వైరులో, స్ప్లిట్టర్‌లో పోయే సిగ్నల్‌ను పూడ్చడం. రెండుగా చీల్చే స్ప్లిట్టర్ ఒక్కో దారిలో సుమారు 3.5 డెసిబెల్స్ తినేస్తుంది, నాలుగుగా చీల్చేది 7 దాకా. వైరు పొడవైతే ఇంకొంత. అలాంటి చోట ఆంప్లిఫయర్ అవసరమే, అది కూడా యాంటెన్నాకు దగ్గరగా. టవర్లకు దగ్గరగా ఉన్న ఇళ్లలో మాత్రం సిగ్నల్ ఎక్కువై ట్యూనర్ ఉక్కిరిబిక్కిరై, ఉన్న ఛానెళ్లు కూడా పోతాయి. ఇర్వింగ్‌లో ఆంప్లిఫయర్ పీకేసి వచ్చినందుకే థాంక్స్ చెప్పినవాళ్లు ఉన్నారు.

అపోహ: ఆటిక్‌లో (ఇంటి కప్పు కింది అటకలో) పెడితే ఎండకు, వానకు భయం లేదు

టెక్సాస్ కొత్త ఇళ్లలో ఇది నన్ను కూడా మోసం చేసింది. మెకిన్నీ దగ్గర ఒక కొత్త ఇంటికి వెళ్లాను. ఆటిక్‌లో పెద్ద యాంటెన్నా పెట్టి, దిశ చూసి, మీటరు పెడితే దాదాపు సున్నా. అదే యాంటెన్నాను గ్యారేజీ ముందు చేత్తో పట్టుకుంటే ఛానెళ్లన్నీ వచ్చాయి. తలెత్తి చూస్తే కప్పు చెక్కల లోపలివైపు అంతా వెండి రంగు రేకు. వేడి రాకుండా వేసే రేడియంట్ బ్యారియర్ అది. వేడినే కాదు, టీవీ సిగ్నల్‌ను కూడా ఆపేస్తుంది. అప్పటినుంచి ఆటిక్ అనగానే ముందు టార్చి వేసి కప్పు చూస్తాను. మెరుస్తుంటే యాంటెన్నా బయటే. వేడి ఆపే లోహపు పూత ఉన్న కిటికీ అద్దాలది కూడా ఇదే కథ.

బయట అనగానే "హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదు" అంటారు. ఒప్పుకోవాల్సిందే. అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ సంస్థ పెట్టిన ఓటార్డ్ అనే నిబంధన 1996 నుంచి ఉంది. మీ సొంత ఇంటి మీద, మీకే చెందిన బాల్కనీలో లోకల్ టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏ గానీ అపార్ట్‌మెంట్ వాళ్లు గానీ అడ్డుకోకూడదు. అందరికీ చెందిన కప్పు మీద, గోడ మీద మాత్రం ఈ హక్కు లేదు. హెచ్‌ఓఏతో గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఆ నిబంధన ప్రింటు తీసి మర్యాదగా ఇస్తే చాలు.

బయట పెడితే ఎర్తింగ్ తప్పనిసరి. స్తంభానికి, వైరుకు రెండింటికీ ఎర్త్ ఇచ్చి, దాన్ని ఇంటి కరెంట్ ఎర్త్‌తో కలపాలి. విడిగా ఒక కడ్డీ పాతి వదిలేస్తే పిడుగు పడ్డప్పుడు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఈ పని తెలియకపోతే దయచేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నిచ్చెన ఎక్కేముందు కరెంట్ తీగలు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి.

ఇంకా చిన్నవి కొన్ని. ఛానెళ్లు ఒకసారి స్కాన్ చేస్తే జీవితాంతం ఉంటాయనుకోవద్దు. 2020 వరకు జరిగిన మార్పుల్లో 36వ ఛానెల్ పైనున్న ఫ్రీక్వెన్సీలు చాలావరకు ఫోన్ కంపెనీలకు వెళ్లాయి, ఎన్నో స్టేషన్లు స్థానం మారాయి. ఏ ఛానెల్ అయినా హఠాత్తుగా మాయమైతే ముందు రీస్కాన్ చేయండి. కేబుల్ ఇంటర్నెట్ వచ్చే వైరులోనే యాంటెన్నా సిగ్నల్ కలపకండి, రెండూ పాడవుతాయి. పాత డిష్ ఉంటే దాని స్తంభం, వైరు వాడుకోవచ్చు, నేను చాలాసార్లు వాడాను. ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త పద్ధతిలో కొన్ని ఛానెళ్లకు తాళం వేసి పంపుతున్నారు, వాటిని ప్రతి పెట్టే తెరవలేదు. కాబట్టి దానికోసమని ఎక్కువ డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పడం లేదు.

అపోహ: అమ్మానాన్నల కోసం తెలుగు ఛానెళ్లు కూడా యాంటెన్నాలో దొరుకుతాయి

దొరకవు. ఈటీవీ, టీవీ9 లాంటివి కావాలంటే యప్ టీవీ, స్లింగ్ లాంటి యాప్‌లే దారి. క్రికెట్‌కు విల్లో ఛానెల్ కావాలి, అది కూడా గాలిలో రాదు. ఈ మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నిరాశ పడకూడదని.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు అసలు కష్టం ఛానెల్ కాదు, రిమోట్. పగలు కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లాక, పొరపాటున ఇన్‌పుట్ మారిపోతే తెర నల్లగా అయిపోతుంది. ఏది నొక్కాలో తెలియక సాయంత్రం దాకా టీవీ ఆపేసుకుని కూర్చుంటారు. అందుకే పని అయ్యాక ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అతికించి వస్తాను: "సీరియళ్లకు - ఇంటి బొమ్మ ఉన్న బటన్. వాతావరణానికి - ఇన్‌పుట్ నొక్కి, టీవీ అని ఉన్నది, తర్వాత 8." రిమోట్ వాళ్ల చేతికిచ్చి, రెండుసార్లు వాళ్లచేతనే మార్పించాకే నా టూల్ బ్యాగ్ సర్దుకుంటాను.