మంచం కింద అలలు

విశాఖపట్నం

చిన్నా, చిట్టీ,

మొన్న రుషికొండ బీచ్‌లో మధ్యాహ్నమంతా అలల్లో గెంతి వచ్చిన రాత్రి, "మంచం ఊగుతోంది తాతయ్యా" అంటూ ఇద్దరూ లేచి కూర్చున్నారు గుర్తుందా? ఎవరో పేరు పెట్టి పిలిచారని కూడా చిన్నా అన్నాడు. మీ నానమ్మ వెంటనే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసేసింది. సరే, ఆవిడ పని ఆవిడ చేసింది గానీ అసలు సంగతి నేను చెబుతా.

మెదడంతా ఒక్కసారిగా పడుకోదర్రా. పెళ్ళింట్లో చుట్టాలు చూడండి, ఒకళ్ళు గురక పెడుతుంటే ఇంకొకళ్ళు వరండాలో కబుర్లు చెబుతూనే ఉంటారు, అలాగన్నమాట. చూసినదీ విన్నదీ ముట్టుకున్నదీ మెదడు పైభాగానికి చేరాలంటే మెదడు మధ్యలో ఉండే థలమస్ అనే భాగం మీదుగా వెళ్ళాలి. ముందు నిద్రలోకి జారుకునేది ఆ థలమస్సే, పైభాగం ఇంకొన్ని నిమిషాలు మేలుకునే ఉంటుంది. బయటి కబుర్లు తగ్గిపోయాక ఊరికే ఉండలేక కాబోలు, పగటి సామానే తిరగేస్తుంటుంది. మీకు అలలు వచ్చింది అందుకే.

అమెరికాలో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే శాస్త్రవేత్తకి కొండెక్కి వచ్చిన రోజు రాత్రి, నిద్ర పట్టబోతుంటే చేతులకి రాళ్ళు తగిలినట్టే అనిపించిందట. తర్వాత ఆయన కొందరి చేత టెట్రిస్ అనే, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే వీడియో గేమ్ ఆడించి చూశాడు, 2000లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చాలామందికి కునుకు పట్టే వేళ ఆ ముక్కలు పడుతూ కనిపించాయి. జ్ఞాపకశక్తి దెబ్బతిని, ఆట ఆడిన సంగతే గుర్తులేని వాళ్ళలో కూడా కొందరికి కనిపించాయి, నాకైతే అదే అన్నిటికన్నా వింత.

పేరు పిలిచినట్టు వినపడటం, మెట్టు తప్పినట్టు ఉలిక్కిపడటం, ఇవీ చాలామందికి ఉండేవే, టెన్షన్ వద్దు. 1848లో ఆల్ఫ్రెడ్ మోరీ అనే ఫ్రెంచి ఆయన ఇలా కనపడే, వినపడేవాటికి హిప్నగోజిక్ అని పేరు పెట్టాడు. అలా పట్టీ పట్టని నిద్రకి మనకి 'మాగన్ను' అని చక్కటి మాట ఉంది, మీ బళ్ళో చెప్పి ఉండరు.

చిత్రకారుడు డాలీ కొత్త ఊహల కోసం చేతిలో తాళంచెవి పట్టుకుని కుర్చీలో కునుకు తీసేవాడట, అది కింద పళ్ళెంలో పడగానే లేచేవాడట. 2021లో పారిస్ శాస్త్రవేత్తలు కొందరికి లెక్కలిచ్చి, మధ్యలో ఇలాగే కునుకు తీయమని చూశారు. లెక్కల్లో దాగున్న కిటుకు, కనీసం 15 సెకన్లు మాగన్నులో ఉన్నవాళ్ళలో 83 శాతం మందికి దొరికింది, మేలుకుని ఉన్నవాళ్ళలో 30 శాతానికే.

నేనూ గరిటె పట్టుకుని పడుకున్నా. గరిటె పడింది, నాకేమీ తట్టలేదు, కింద వాటా వాళ్ళు మాత్రం ఏం పడిందని పైకొచ్చారు.

మీ
తాతయ్య