కారం వెయ్యకముందు తీసే గిన్నె

పిల్లలూ,

మొన్న ఫోన్లో పెద్దది నన్నొక మాట అడిగింది. పిన్ని ఉద్యోగం మానేసి ఇంట్లో ఖాళీగానే ఉంటోంది కదా అమ్మమ్మా, మరి ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తదేం అని. వెనకనుంచి తమ్ముడు కూడా వంత పాడాడు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు గనక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏడాదిన్నర పిల్లాడున్న ఇంట్లో వంట ఎలా నడుస్తుందో నేను కొన్నాళ్ళుగా బెజవాడలో ఉండి చూస్తూనే ఉన్నాను. మీరిద్దరూ సైన్సు చదువుతున్నారు కాబట్టి ఎందుకలా నడుస్తుందో కూడా చెబుతాను.

పటమటలో ఆ ఇంటి సంగతి మీకు తెలిసిందే. బాబాయి పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాలి. ఆయనకు కారం లేకపోతే ముద్ద దిగదు. పిన్ని మామగారికి బీపీ, ఉప్పు తగ్గించమన్నారు. అత్తగారికి పులుపు ఇష్టం. ఇక బుజ్జిగాడికి దవడ పళ్ళు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఎవరి వంట వాళ్ళకు విడివిడిగా చేస్తూ కూర్చుంటే పొద్దుగూకినా పొయ్యి ఆరదు. పోనీ పిల్లాడికి ఏదో డబ్బా పొడి కలిపి పెట్టేద్దామా అంటే, వాడు రేపు ఇంటి అన్నం ఎలా తింటాడు? అందుకని మీ పిన్ని అందరికీ ఒకటే వంట చేస్తుంది. కిటుకంతా ఏది ఎప్పుడు వెయ్యాలన్న దాంట్లో ఉంది.

తోటకూర పప్పు ఉదాహరణకు తీసుకోండి. కందిపప్పు కాసేపు నానబెట్టి, పసుపు వేసి, కడిగి తరిగిన తోటకూరతో కుక్కర్లో పెడుతుంది. మన ఇళ్ళలో చాలామంది పచ్చిమిరపకాయలు కూడా అప్పుడే పడేస్తారు. పిన్ని వెయ్యదు. చింతపండూ వెయ్యదు. పులుపు ముందే తగిలితే పప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. పప్పు గింజలో కణాలను అతికి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో తొందరగా కరగదు, అదీ కారణం. మూత తీశాక పప్పు ఎనిపి, మొట్టమొదట రెండు గరిటెల పప్పు చిన్న స్టీలు గిన్నెలోకి తీస్తుంది. అది బుజ్జిగాడిది. ఆ తర్వాత మిగిలిన దాంట్లో కాస్త ఉప్పు, చింతపండు రసం వేసి ఉడకనిచ్చి, మామగారికి తీస్తుంది. ఆఖరున మిగిలిన పప్పుకు ఇంకొంచెం ఉప్పు, కారం, ఎండుమిరపకాయలు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి వేసి ఘాటుగా పోపు పెడుతుంది. బాబాయి క్యారేజీలోకి వెళ్ళేది అది. కుక్కరు ఒకటే, పప్పు ఒకటే, ముగ్గురికి మూడు రకాలుగా తయారైంది. బీరకాయ, సొరకాయ, దొండకాయ కూరలకు కూడా ఇదే వరస.

ఆ చిన్న గిన్నెలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. వేడి అన్నం నాలుగు వేళ్ళతో నలిపి, దాంట్లో పప్పు కలిపి, అర చెంచా నెయ్యి వేస్తుంది. పైన రెండు చుక్కలు నిమ్మరసం పిండుతుంది. మిక్సీలో వేసి గుజ్జు చెయ్యదు. ఎనిమిది నెలలప్పుడు చేసేది. ఏడాది దాటాక పలుకు పలుకుగా ఉన్న అన్నం నోట్లో పడితేనే దవడలు నమలడం నేర్చుకుంటాయి. అందుకే తోటకూర కాడ మాత్రం వేళ్ళతో తడిమి, పీచు తగిలితే తీసేసి, మిగిలింది అలాగే ఉంచుతుంది.

ఇందులో ఒక్కటి కూడా ఊరికే వేసింది కాదు. మన ఒంట్లో కండ తయారవడానికి కావలసిన అమైనో ఆమ్లాల్లో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ. పప్పులో అది పుష్కలంగా ఉంటుంది. పప్పులో మిథియోనిన్ తక్కువ, బియ్యం ఆ లోటు తీరుస్తుంది. మన పెద్దవాళ్ళకు ఈ పేర్లేవీ తెలియవు, అయినా పప్పూ అన్నం ఒక దగ్గరికి చేర్చారు. ఉగ్గులో బియ్యంతో పాటు పెసరపప్పు వేయించి కలిపినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నెయ్యి రుచికి మాత్రమే కాదు, ఆకుకూరలో ఉండే కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు ఉండాలి. అది ఒంట్లో ఎ విటమిన్‌గా మారి కంటికి పనికొస్తుంది.

నిమ్మచుక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఉంటుంది గానీ అది మన పేగులు సులువుగా పీల్చుకునే రకం కాదు. సి విటమిన్ తోడైతే ఎక్కువ పీల్చుకుంటాయి. నిమ్మకాయను పొయ్యి మీద ఉన్నప్పుడు పిండితే వేడికి సి విటమిన్ కొంత పోతుంది, అందుకే కంచంలో పిండాలి. టీలో ఉండే టానిన్లు దీనికి సరిగ్గా అడ్డం. పెద్దవాళ్ళు తాగుతున్నారు కదా అని పిల్లాడి నోట్లో చెంచాడు టీ పోయడం మన ఊళ్ళలో ముద్దుగా చేస్తుంటారు. అది నాకు అస్సలు నచ్చదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో ఆరు నెలలు దాటి ఐదేళ్ళు నిండని పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు! ఈ లెక్క తెలిసినప్పటినుంచీ పిల్లాడి కంచంలో నిమ్మచుక్క లేకపోతే నాకు మనసొప్పదు.

పాల విషయంలోనూ అంతే. పాలు తాగితే చాలు, బలం అదే వస్తుందని మా తరం వాళ్ళం గట్టిగా నమ్ముతాం. పాలు మంచివే. కానీ పాలలో ఇనుము దాదాపు ఉండదు. ఈ వయసులో రోజుకు అర లీటరు దాటి తాగితే పొట్ట నిండిపోయి అన్నం ముట్టరు. అందుకే పిన్ని పాలకు ఒక గ్లాసు కొలత పెట్టుకుంది, వాళ్ళ అత్తగారు కూడా దానికి ఒప్పుకున్నారు. ఒక పూట రాగి జావ కాస్తుంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

బియ్యం అంటే గుర్తొచ్చింది. మన ఇళ్ళలో తినే బీపీటీ బియ్యం ఎక్కడిదో కాదు, మన బాపట్లలో తయారైన వంగడమే. సాంబ మసూరి అని 1986లో విడుదల చేశారు. అన్నం సన్నగా, పువ్వులా వస్తుందని అందరూ దాన్నే కోరుకుంటారు. తెల్లగా ఉండాలని బాగా పాలిష్ పట్టిస్తే మాత్రం పైపొరలో ఉండే బి విటమిన్లు తవుడుతో పోతాయి. మిగిలిన కాస్త కూడా నాలుగైదుసార్లు పిసికి కడిగితే కడుగునీళ్ళలో పోతుంది. పిన్ని తక్కువ పాలిష్ బియ్యం తెస్తుంది, ఒకటి రెండుసార్లు పైపైన కడిగి ఊరుకుంటుంది. ఆకుకూరను మాత్రం మట్టి పోయేదాకా కడుగుతుంది, అదీ తరగకముందే. తరిగాక కడిగితే విటమిన్లు నీళ్ళపాలే.

కూరగాయలకు పటమట రైతుబజారుకు పొద్దున్నే వెళుతుంది. 1999లో మన రాష్ట్రంలో రైతుబజార్లు మొదలైనప్పుడు నేను గుంటూరులో సంచి పట్టుకుని సంబరంగా వెళ్ళినదాన్ని, రైతు చేతినుంచి కొనడం నాకు ఇప్పటికీ ఇష్టం. ధరలు బోర్డు మీదే రాసి ఉంటాయి, బేరమాడే పని లేదు. ఆకు వాడిపోకముందే కొనుక్కోవచ్చు.

కారం ఎందుకు పెట్టరని తమ్ముడు అడుగుతాడు, నాకు తెలుసు. మిర్చి యార్డున్న గుంటూరులో పుట్టిన నేను కారాన్ని తక్కువ చేసి మాట్లాడతానా? కాకపోతే కారం ఒక రుచి కాదు, మిరపలో ఉండే క్యాప్సైసిన్ మన నాలుక మీద వేడిని, నొప్పిని పసిగట్టే నరాలను రేపుతుంది. మనకు అలవాటైపోయింది. పసివాడికి అది ఉత్త మంటే. అది నీళ్ళలో కరగదు, కాబట్టి మంటకు నీళ్ళు తాగిస్తే లాభం లేదు. కొవ్వులో కరుగుతుంది, పాలలోని కేసిన్ కూడా దాన్ని పట్టి లాగేస్తుంది. అందుకే కాస్త పెరుగు నోట్లో పెడితే పిల్లలు ఊరుకుంటారు. బుజ్జిగాడికి ఇప్పుడు పల్చటి మిరియాల చారు చెంచాడు తగులుతోంది. మెల్లగా బాబాయి కంచం దాకా వస్తాడు, తొందరేముంది?

ఇక ఫోన్ సంగతి. అంతసేపూ తిండి దగ్గర ఏం చేస్తుందని కదా మీ ప్రశ్న. ఈ వయసు పిల్లల పొట్ట చాలా చిన్నది. ఒక్కసారే కడుపునిండా పెట్టేస్తే కుదరదు, మూడు పూటలు అన్నమో టిఫినో, మధ్యలో రెండుసార్లు పండో గుడ్డో పెట్టాలి. ప్రతిసారీ అరగంట. వాడు తన చేత్తో తింటాడు. సగం నోట్లోకి, సగం కిందికి. ఒళ్ళంతా పప్పే. తిననివ్వాలి, చెయ్యి నోటికి దారి నేర్చుకునేది అలాగే. సెల్లు చేతికిచ్చి, వాడు బొమ్మలు చూస్తుంటే నోట్లో కుక్కితే పది నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు వాడికి కడుపు నిండిందో లేదో వాడికే తెలియదు. సొరకాయ ఊసేశాడు మొన్న. పిన్ని మాట్లాడకుండా గిన్నె తీసేసింది, రెండు రోజులాగి మళ్ళీ పెట్టింది. కొత్త రుచి ఎనిమిది, పదిసార్లు పరిచయమైతే గాని పిల్లలు ఒప్పుకోకపోవచ్చు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది తల్లి చూసుకుంటుంది. ఎంత తినాలన్నది వాడిష్టం. ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని బలవంతం చెయ్యదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను, ఇద్దరూ శ్రద్ధగా చదవండి. వాడు తింటున్నంతసేపూ పిన్ని కళ్ళు వాడి మీద ఉండాలి. పొలమారితే దగ్గు వస్తుంది, మనకు వినబడుతుంది. గొంతులో పూర్తిగా అడ్డుపడితే దగ్గు రాదు, ఏడుపూ రాదు, చప్పుడే ఉండదు. పక్క గదిలో ఉన్నవాళ్ళకు తెలియదు. అందుకే ఆ అరగంటలో ఎవరు ఫోన్ చేసినా ఎత్తదు, నేను చేసినా సరే. ఐదేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ గుళ్ళు, జీడిపప్పు, వేయించిన శనగలు గింజలుగా ఎప్పుడూ పెట్టకూడదు. పొడి కొట్టి అన్నంలో కలిపితే అవే బలం. ద్రాక్ష పండును నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యాలి. చేపలైతే ముల్లు తక్కువని కొర్రమీనే తెస్తారు, అయినా పిన్ని ప్రతి తునకా వేళ్ళతో చిదిమి చూసే పెడుతుంది.

ఎండాకాలం ఇంకో జాగ్రత్త. బెజవాడ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. వండిన అన్నం ఉక్కలో గంటలు గంటలు బయట ఉంటే దాంట్లో ఒక రకం బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకని బుజ్జిగాడి అన్నం ఏ పూటకాపూటే.

మీ పిన్ని గురించి నాకున్న దిగులు ఒకటే. అందరికీ పెట్టి, గిన్నెలో అడుగున మిగిలింది నిలబడి తినడం. పాలిచ్చిన ఒళ్ళు, ఇనుము ఆమెకూ కావాలి. ఇప్పుడు నేనున్నాను గనక బుజ్జిగాడితో పాటే పీట వేసి కూర్చోబెడుతున్నాను. తల్లి తినడం చూస్తే పిల్లాడూ తింటాడు, కళ్ళారా చూస్తున్నాను. బాబాయి కూడా రాత్రి కూర్చుని బీన్సు తరుగుతున్నాడు, మర్నాటి ఇడ్లీకి మినప్పప్పు రుబ్బుతున్నాడు. ఆ ఇంట్లో వంట ఆడవాళ్ళ పని మాత్రమే అనుకోవడం పోయింది, నాకెంత హాయిగా ఉందో!

సంక్రాంతికి వస్తారుగా. వెల్లుల్లి వలవడం, కరివేపాకు దూయడం, బుజ్జిగాణ్ణి మేడ మీద ఆడించడం మీ పనులు. ముఖ్యంగా వాడు అన్నం దగ్గర ఉన్నప్పుడు నవ్వించకండి, పరిగెత్తించకండి, నోట్లో ముద్దతో పరిగెత్తితే గొంతులో పడుతుంది. వచ్చేటప్పుడు చాక్లెట్లు, చిప్స్ ప్యాకెట్లు తేవద్దు, రెండేళ్ళు నిండేదాకా వాడికి పంచదార అలవాటు చెయ్యకూడదని అనుకున్నాం. తేవాలనిపిస్తే మెత్తగా పండిన జామకాయలు తెండి. వాటిలో నారింజ కంటే సి విటమిన్ ఎక్కువ. గింజలు తీసి గుజ్జు వాడికి పెడదాం, గట్టి కాయలు ఉప్పూకారం అద్దుకుని మనం తిందాం.

మీ అమ్మమ్మ