స్ఫటికాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి బాబూ

సెలవులు ఇచ్చిన నాలుగో రోజు నుంచి నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తాయి. గాజు గ్లాసు, దాని మీద అడ్డంగా పెన్సిల్, పెన్సిల్‌కి దారం, దారం చివర ఏమీ ఉండదు. అడుగున మాత్రం తెల్లగా రవ్వలాంటిది పేరుకుని ఉంటుంది. కింద మెసేజ్: "మేడమ్, స్ఫటికం రాలేదు. పాప ఏడుస్తోంది. పటిక కల్తీదంటారా?"

పటిక కల్తీది కాదమ్మా. ఫ్రిజ్‌లో పెట్టారా అని అడుగుతాను. కాసేపు జవాబు ఉండదు. తర్వాత "ఒక్క రాత్రే పెట్టాం మేడమ్" అని వస్తుంది.

హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, సెలవుల్లో పిల్లలతో స్ఫటికాలు పెంచిస్తుంటాను. ఈ ఫ్రిజ్ అపోహ పాడుచేసినన్ని గ్లాసులు ఇంకేదీ పాడుచేయలేదు, అందుకే ముందు దీని సంగతి.

చల్లబడితే గడ్డకడుతుంది, ఇంకా చల్లగా ఉంటే ఇంకా పెద్దది వస్తుంది అనుకుంటారు. ఐస్‌తో పోల్చుకోవడం వల్ల వచ్చిన తిప్పలివి. ఇక్కడ గడ్డకట్టాల్సింది నీళ్లు కాదు, నీళ్లలో కరిగిన పటిక బయటికి రావాలి, అదీ మెల్లగా రావాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 12-14 గ్రాముల పటికే నిలుస్తుంది, 50 డిగ్రీల దగ్గర అంతకు రెండింతలు పైనే పడుతుంది. పొగలు కక్కే ద్రావణాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడితే ఆ మిగులంతా ఒక్కసారే బయటపడాలి. సీడ్ (దారానికి కట్టే బుల్లి విత్తన స్ఫటికం) మీద వరసగా పేరుకునే తీరిక దానికెక్కడిది? గ్లాసు గోడకీ, దారానికీ, అడుగునా వేల కొద్దీ బుల్లి స్ఫటికాలు పుట్టేస్తాయి, ఉన్న పటికంతా వాటికే పంచిపోతుంది. మీరు ఫొటో తీసి పంపే ఆ రవ్వ అదే.

ఇంతకీ ఈ ఆలోచన ఎక్కడిదంటే, చాలావరకు క్రిస్మస్ వీడియోల నుంచి. అమెరికాలో పైప్ క్లీనర్లను (నూగు చుట్టిన సన్నని తీగలు) నక్షత్రాల్లా వంచి, వేడి బోరాక్స్ నీళ్లలో వేలాడదీసి, తెల్లారేసరికి మెరిసే నక్షత్రాన్ని చెట్టుకు తగిలిస్తారు. అక్కడ కావాల్సిందే వేల చిన్న స్ఫటికాలు. మనవాళ్లు ఆ పద్ధతిలో ఒకే ఒక్క పెద్ద పటిక స్ఫటికం కోసం చూస్తారు, అక్కడ తేడా కొడుతుంది. ఆ బోరాక్స్ మన వెలిగారమే, దాన్ని పిల్లల నోటి దగ్గరికి రానివ్వకండి.

సీడ్‌ని వేడి నీళ్లలో వేలాడదీయడం కూడా ఈ తొందరలో భాగమే. అది కరిగిపోతుంది, అంతే. నేను చేయించే తీరు ఇది: అర లీటరు వేడి నీళ్లు, 100 గ్రాముల పటిక పొడి. కలిపి వడగట్టి, పలుచటి గుడ్డ కప్పి, ఫ్యాన్ గాలి తగలని మూల రెండ్రోజులు వదిలేయాలి. అడుగున చిన్న చిన్న స్ఫటికాలు పడతాయి. ఒక్కటైనా పడలేదంటే ద్రావణంలో పటిక ఇంకా సరిపోలేదు, ఇంకాస్త పటిక వేసి మళ్లీ మొదలు. వాటిలో అంచులు చక్కగా ఉన్నదాన్ని ఏరి నైలాన్ దారానికి కట్టండి (నూలు దారం వద్దు, దాని పీచులకే స్ఫటికాలు పడతాయి). ద్రావణాన్ని ఇంకోసారి వడగట్టి, పూర్తిగా చల్లారాకే సీడ్‌ని దించండి. ఇక తాకొద్దు. రోజూ పైకి తీసి చూసే పిల్లల స్ఫటికం ఎదగదు, నేనూ చిన్నప్పుడు అదే చేశాను కాబట్టి తిట్టను.

మే నెలలో ఇంకో బాధ. మా గుంటూరు ఎండలకి మధ్యాహ్నం గదే వేడెక్కిపోతుంది, రాత్రి పెరిగిందంతా పగలు కరిగిపోతుంది. ఒకసారి గోళీకాయంత పెరిగిన స్ఫటికం నేను ఊరెళ్లి వచ్చేసరికి ఉత్త దారమై కూర్చుంది. ఇంట్లో పగలూ రాత్రీ ఒకేలా ఉండే చోటు, మంచం కిందైనా సరే, వెతకండి. సంక్రాంతి సెలవుల్లో ఈ టెన్షన్ తక్కువ.

మిగతావి గబగబా చెప్పేస్తా. పటిక, పటికబెల్లం ఒకటి కావు, రెండోది చక్కెర. ఫుడ్ కలర్ కలిపితే రంగు స్ఫటికం రాదు. పటిక తన వరసలోకి వేరేదాన్ని అంత తేలిగ్గా రానివ్వదు, రంగు నీళ్లలోనే మిగిలిపోతుంది. ఉప్పు సంగతి మరీ వేరు, వేడిలో కరిగేదీ చల్లగా ఉన్నప్పుడు కరిగేదీ దాదాపు ఒకటే, కాబట్టి నీళ్లు ఆవిరవ్వాల్సిందే, వానాకాలం ముసురులో మొదలుపెట్టకండి.

నీలం రంగు కావాలంటే మైలతుత్తం అని ఎవరో చెబుతారు, పురుగుమందుల షాపులో దొరుకుతుంది కూడా. అందంగా వస్తుంది, నిజమే. కానీ అది విషం. మా తమ్ముడి కొడుకు, ఏడో తరగతి, త్వరగా వస్తుందని ఆ ద్రావణాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాడు. మా అమ్మ మూత తీసి, "ఇదేం షర్బత్తురా" అని అడిగింది. అడగకుండా తాగి ఉంటే? ఆ రోజు నుంచి పదో తరగతి లోపు పిల్లలకు మైలతుత్తం ఇవ్వను. పెద్దవాళ్లకైనా సీసా మీద పేరు రాసి, గ్లవ్స్ వేసుకుని, వంట గిన్నెలు ముట్టకుండా అయితేనే. మిగిలింది కాలవలో పోయకండి, చేపలు చస్తాయి.

ఏడుస్తున్న పాప సంగతి అడిగారు కదా. ఆ రవ్వతో సహా పటిక నీళ్లు మళ్లీ వేడిచేయండి, ఇంకాస్త పటిక కలపండి, ఇనుప తీగను నక్షత్రంలా వంచి ఊలు దారం చుట్టి అందులో వేలాడదీయండి. బల్ల మీదే, ఫ్రిజ్‌లో కాదు. తెల్లారేసరికి ఊలంతా మెరుస్తుంది. ఆరాక పారదర్శకమైన నెయిల్ పాలిష్ ఒక పూత వేయండి. నేను వెయ్యనివి రెండు మా షోకేసులో ఉన్నాయి, తెల్లగా మసకబారిపోయి.