భవానీ ద్వీపం: పాత అతిథుల బెంగకు మూలం 2019 వరద

ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణా నది మధ్యలో ఉన్న భవానీ ద్వీపంలో రిసార్టు రూపు మారుస్తారని, నిర్వహణ ప్రైవేటు వాళ్ల చేతికి వెళ్తుందని మాట వినిపిస్తే చాలు, విజయవాడలో పాత వాదన రాజుకుంటుంది. ప్రైవేటు పెట్టుబడికి పెద్దపీట వేసిన రాష్ట్ర ప్రభుత్వ 2024-29 పర్యాటక విధానం వచ్చాక అది మరీ ఎక్కువైంది. ఏళ్ల తరబడి అక్కడికి వెళ్తున్న కుటుంబాలది ఎటూ తేలని పరిస్థితి. కాటేజీలు బాగుపడాలని అడిగేదీ వాళ్లే, బాగుచేసే పేరుతో చెట్లు కొట్టేస్తారేమోనని టెన్షన్ పడేదీ వాళ్లే.

బ్యారేజీ కట్టిన కథ, ద్వీపానికి ఆ పేరు వచ్చిన కథ బెజవాడ వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 2019 ఆగస్టు దగ్గర ఆగాలి.

అంతకు పదేళ్ల ముందు, 2009 అక్టోబరులో, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లు) దాటిన వరద వచ్చింది. దానికి దగ్గరగా వచ్చే ప్రవాహం మళ్లీ దశాబ్దం దాకా లేదు. ఆ విరామంలోనే రాష్ట్రం విడిపోయింది, అమరావతి రాజధాని అయింది, 2016లో కృష్ణా పుష్కరాలకు ఘాట్లు కొత్తగా తయారయ్యాయి. ఊరి జనం సెలవు రోజు వెళ్లొచ్చే లంక, రాజధాని నగరం చూపించుకోవాల్సిన ముంగిలి అయిపోయింది. దానికోసం ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టారు. మ్యూజికల్ ఫౌంటెన్, లేజర్ షో ఈ ఊపులో వచ్చినవే. నది ఊరుకుందన్న ధీమాతో నది మధ్యలో కరెంటు, మోటార్లు, కాంక్రీటు పెంచుకుంటూ పోయారు.

2019 ఆగస్టులో ప్రవాహం 8 లక్షల క్యూసెక్కుల స్థాయికి చేరింది. ద్వీపం మునిగింది. నీళ్లు తీశాక మిగిలింది గదుల్లో ఒండ్రు, కంచెలకు చుట్టుకున్న గుర్రపుడెక్క, పనికిరాకుండా పోయిన వైర్లు. నెలల తరబడి సందర్శకులను రానివ్వలేదు. తేరుకుంటుండగా 2020లో మళ్లీ వరద. 2024 సెప్టెంబరులో ఏకంగా 11.43 లక్షల క్యూసెక్కులతో 2009 రికార్డే చెరిగిపోయింది.

దీన్ని ఎవరి తప్పూ అనలేం. ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచేది సుమారు 3 టీఎంసీలే (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పైనుంచి పులిచింతల ప్రాజెక్టు వదిలినదీ, ఉపనది మున్నేరు తెచ్చినదీ ఆపి పెట్టుకునే చోటు లేదు, వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే. నది ఒడ్డునున్న కృష్ణలంకకు వరద ఆపే రిటైనింగ్ వాల్ ఉంది. నది నడుమ ఉన్న ద్వీపానికి అలాంటి అడ్డు ఏముంటుంది? అక్కడ ఏం కట్టినా మునుగుతుందని లెక్కేసుకునే కట్టాలి.

మునిగిన ప్రతిసారీ మరమ్మతు ఖర్చు. ఆ ఖర్చు రాబట్టాలంటే ఆదాయం పెరగాలి. ఆదాయం కోసం ఈవెంట్లు, ఆటలు, టికెట్లు. అదీ చాలకపోతే ప్రైవేటు ఆపరేటర్. ఈ దారి 2019లో పడింది.

పాత అతిథులు చెప్పేది వింటే వాళ్లు అడుగుతున్నది చాలా తక్కువని తెలుస్తుంది. సుమారు 130 ఎకరాల్లో వాళ్లకు కావాల్సింది నీడ. కార్తీక మాసంలో స్టీలు క్యారియర్లలో పులిహోర, గారెలు సర్దుకుని, పున్నమి ఘాట్‌లో బోటెక్కి, ఉసిరి చెట్టు చూసుకుని జంపఖానా పరుచుకునే వాళ్లు. పిల్లలు చెట్టు మీద కాటేజీ నిచ్చెన దగ్గర పోట్లాడుకునేవాళ్లు. సాయంత్రం ఇంద్రకీలాద్రి మీద దీపాలు వెలిగేదాకా కూర్చునేవాళ్లు. ఫౌంటెన్ వచ్చినప్పుడు వాళ్లూ సంబరంగానే చూశారు, మనవళ్లను తీసుకెళ్లి చూపించారు కూడా. ఇప్పుడు వాళ్ల భయమల్లా ఒకటే. బయటి భోజనం తేకూడదు, గది తీసుకుంటేనే రావాలి, ఫంక్షన్ ఉంది కాబట్టి ఇవాళ ప్రవేశం లేదు అనే రోజు వస్తుందేమోనని. ఆ భయం తేలిగ్గా తీసేసేది కాదు. ఇంత పెద్ద ఊళ్లో మామూలు సంసారులు కుటుంబంతో పగలంతా గడపగలిగే పచ్చటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వద్దనకూడని మార్పులూ ఉన్నాయి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం సాయంత్రం, గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం వైపు వెళ్తున్న ప్రైవేటు బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ బోటుకు అనుమతే లేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనివ్వరు, చీకటి పడకముందే వెనక్కి పంపించేస్తారు అని విసుక్కునేవాళ్లు ఆ సాయంత్రాన్ని గుర్తు చేసుకోవాలి. ఈ ఒక్క విషయంలో అధికారుల పట్టుదలే సరైనది.

మార్పు కోరేవాళ్ల వాదనా ఉంది. జీతాలు, బోట్ల నిర్వహణ, మరమ్మతులు పర్యాటక సంస్థ ఒక్కటే మోయలేదని, పెట్టుబడి లేకపోతే ఉన్న కాటేజీలూ పాడవుతాయని వాళ్లంటారు. నిజమే. కానీ పెట్టుబడి పెట్టినవాడు వరదల నెలలు పోగా మిగిలిన కాలంలోనే ఏడాది డబ్బు రాబట్టుకోవాలి. ఆ నెలల్లోనే కార్తీకమూ వస్తుంది. కాబట్టి ఒప్పందం ఏదైనా కుదిరితే, అందులో రెండు విషయాలు స్పష్టంగా ఉండాలి. వనభోజనాలకు వచ్చేవాళ్లకు ఎంత మేర స్థలం, ఎంత టికెట్టుకు వదిలిపెడతారు? ద్వీపం మళ్లీ మునిగితే ఒండ్రు ఎత్తిపోసే ఖర్చు ఎవరిది?